అణుధూళిలో ఏది ఎంత దూరం పోతుంది? ఒంట్లో ఎక్కడ చేరుతుంది?

కిందటేడు మా ఓపీకి ఒక తల్లీ కొడుకూ వచ్చారు. ఆమెకు యాభై దాటాయి. రెండేళ్లుగా థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసే జబ్బు. గుండెదడ, చేతుల వణుకు, కడుపునిండా తింటున్నా మనిషి చిక్కిపోవడం. మాత్రలు వాడినంతకాలం తగ్గుతుంది, మానగానే తిరగబెడుతుంది. పట్నంలో నిపుణులు చూసి, రేడియో అయొడిన్ ఒక్క మోతాదు తీసుకుంటే చాలని కాగితం రాసి పంపించారు. ఆమె ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి నెల రోజులు ఊరుకుంది. ఎందుకమ్మా అంటే కొడుకు వైపు చూసింది.

"సార్, ఇందులో అయొడిన్-131 అని రాశారు. అణుబాంబు బూడిదలో ఉండి చిన్నపిల్లలకు గొంతులో కేన్సర్లు తెచ్చింది ఇదే కదా? దాన్నే అమ్మను మింగమంటే ఎలాగండీ?" అన్నాడతను.

ఇదీ అదీ ఒకటే. కాదని బుకాయించి లాభం లేదు. అతను ఇంకో ప్రశ్న కూడా వేశాడు. "బాంబు పేలితే వందల రకాల పదార్థాలు పుడతాయని చదివాను. మరి అన్నిటినీ వదిలేసి ఎప్పుడూ అయొడిన్, స్ట్రాన్షియం, సీజియం అని ఈ మూడు పేర్లే చెబుతారేం?"

ఓపీ రద్దీలో నేను సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఈ వారం పాఠకులకు కూడా కలిపి చెబుతాను.

నెయ్యి ముందు, కొబ్బరినూనె తరువాత

యురేనియం, ప్లుటోనియం పరమాణువులు పగిలినప్పుడు 36 మూలకాలకు చెందిన మూడు వందలకు పైగా ఐసోటోపులు పుడతాయి. పేలిన క్షణంలో ఇవన్నీ ఒకే అగ్నిగోళంలో ఆవిరిగా కలిసి ఉంటాయి. బాంబు నేలమీదగానీ, నేలకు దగ్గరగా గానీ పేలితే మట్టి, ఇసుక, రాయి కూడా అందులోకి లేచి కరిగిపోతాయి. అన్నీ కలిసిపోయాయి కనుక కిందపడే ధూళి ఎక్కడ చూసినా ఒకే పాళ్లలో ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. అలా ఉండదు. చల్లారే కొద్దీ అవి దేని దారి అది చూసుకుంటాయి.

మార్గశిరమాసపు చలిలో మీ వంటింటి అలమర చూడండి. ముందుగా నెయ్యి పేరుకుంటుంది. చలి ముదిరితే కొబ్బరినూనె గడ్డకడుతుంది. నువ్వులనూనె మాత్రం ఎంత చలికైనా పలచగానే ఉంటుంది. అగ్నిగోళంలోనూ ఇంతే, కాకపోతే అక్కడి లెక్క వేల డిగ్రీల్లో. జిర్కోనియం, సీరియం వంటివి, మిగిలిపోయిన ప్లుటోనియం చాలా వేడి దగ్గరే ఆవిరి రూపం వదిలేస్తాయి. అప్పటికి మట్టి ఇంకా కరిగిన బొట్లుగానే ఉంటుంది. ఆ బొట్లలోకి దిగి, బొట్టు గట్టిపడగానే లోపల చిక్కుకుపోతాయి. పెద్ద బొట్లు బరువుకి ముందుగా రాలిపోతాయి.

మన మూడు పేర్లవాళ్లు ఆ సమయానికి ఎక్కడున్నారు? ఇదే అసలు కిటుకు. స్ట్రాన్షియం-90 అప్పటికి చాలావరకు పుట్టనే లేదు! అది నేరుగా స్ట్రాన్షియంగా పుట్టేది బహు తక్కువ. ముందు క్రిప్టాన్ అనే వాయువుగా ఉంటుంది. అది దేనికీ అంటుకోదు. సుమారు అరనిమిషానికి అందులో సగం రుబీడియంగా మారుతుంది. అది మరి రెండు మూడు నిమిషాలకు సగం చొప్పున స్ట్రాన్షియమవుతుంది. సీజియం-137దీ ఇదే కథ. దాని ముందటి జన్మ జెనాన్ అనే వాయువు, సగం మారడానికి దాదాపు నాలుగు నిమిషాలు. అయొడిన్-131 యాంటిమొని, టెల్లూరియం అనే మూలకాల గుండా నిదానంగా వస్తుంది. పైగా అయొడిన్ స్వభావమే త్వరగా ఆవిరయ్యేది. మా చిన్నప్పుడు దెబ్బలకు పూసే టింక్చరు సీసా మూత తీసి పెడితే వాసన గదంతా కమ్మేది గుర్తుందా?

ఈ ముగ్గురూ ఘనరూపానికి వచ్చేసరికి పెద్ద రేణువులు గట్టిపడి కిందికి బయలుదేరిపోయాయి. మేఘంలో మిగిలింది సన్నటి పొడి. ఆలస్యంగా వచ్చినవి ఆ పొడి పైపొరగా పట్టుకుంటాయి, దీపం మీద బోర్లించిన పళ్లానికి కాటుక పట్టినట్టు. పైపొర అన్నాక సన్నటి రేణువులకే లాభం. ఒక కిలో పెద్ద బంగాళాదుంపలు, ఒక కిలో చిట్టి దుంపలు తెచ్చి చెక్కు తీసి చూడండి, తొక్క దేనికి ఎక్కువ వస్తుందో తెలుస్తుంది.

ఆ తరువాతి పని గాలిది. కళ్లంలో తూర్పారబట్టినప్పుడు గింజ కాళ్లదగ్గర పడుతుంది, పొట్టు దూరం పోతుంది. పెద్ద రేణువులు గంటల్లో దగ్గర్లో రాలతాయి. సన్నవి వందల, వేల కిలోమీటర్లు పోతాయి. కనుక దగ్గరపడ్డ ధూళిలో జిర్కోనియం వంటివాటి పాలు ఎక్కువ. దూరం పోయినదాంట్లో స్ట్రాన్షియం, సీజియం, అయొడిన్ల పాలు ఎక్కువ. శాస్త్రజ్ఞులు దీన్ని ఫ్రాక్షనేషన్ అంటారు. మనం వేర్పాటు అనుకుందాం. అమెరికా నౌకాదళానికి చెందిన పరిశోధనశాలలో ఫ్రైలింగ్ అనే ఆయన 1961లో దీన్ని లెక్కకు ఎక్కించాడు. జిర్కోనియం-95ను ఒక కొసన, స్ట్రాన్షియం-89ను ఇంకో కొసన పెట్టి, ఒకే పేలుడు ధూళిలో కూడా వీటి నిష్పత్తి నమూనాకూ నమూనాకూ మారుతోందనీ, మిగతా మూలకాలు ఆ రెంటి మధ్య ఒక వరసలో అమరుతున్నాయనీ చూపించాడు.

ఒక్క మాట పొరపాటుగా అర్థం చేసుకోవద్దు. దగ్గర్లో ఈ మూడూ తక్కువ పడతాయని కాదు. అక్కడ అన్నీ దండిగానే పడతాయి. నేను చెబుతున్నది పాళ్ల సంగతి.

పిల్లలు ఆడుకున్న తెల్లపొడి

1954 మార్చి 1న పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవుల్లో అమెరికా ఒక హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. పేరు బ్రావో. ఐదారు మెగాటన్నులు అనుకుంటే పదిహేను మెగాటన్నులు పేలింది. పగడపుదిబ్బ పొడిపొడిగా లేచి, సున్నమై గాలివాటున తూర్పుకి పోయింది. బికినీకి 150 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న రోంగెలాప్ దీవి మీద కొన్ని గంటల తరువాత తెల్లటి పొడి రాలింది. మంచు అనేది ఎరగని పిల్లలు దాంతో ఆడుకున్నారు. తాగే నీళ్ల తొట్లలో పడింది, తిండిమీద పడింది. అక్కడున్న 64 మందిని ఓడలెక్కించి తీసుకుపోయేసరికి రెండు రోజులు దాటింది.

అంతకంటే దగ్గర్లో ఒక జపాను చేపల పడవ ఉంది. 23 మంది సిబ్బంది. ఆ పడవ రేడియో ఆపరేటరు కుబొయామా అదే సంవత్సరం సెప్టెంబరు 23న చనిపోయాడు. జపానులో ఆ పొడికి 'చావుబూడిద' అని పేరుపడింది.

వైద్యుడిగా నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది రోంగెలాప్ పిల్లల సంగతి. మొదటి వారాల్లో చర్మం కాలింది, జుట్టు ఊడింది, రక్తకణాలు తగ్గాయి. తరువాత కాలినచోట్లు మానాయి, జుట్టు మొలిచింది. తేరుకున్నారనుకున్నారు. తొమ్మిదేళ్లు గడిచాక, 1963లో, పన్నెండేళ్ల పిల్ల గొంతులో థైరాయిడ్ మీద ఒక గడ్డ చేతికి తగిలింది. ఆ తరువాత ఒకరి వెంట ఒకరు. బాంబునాటికి పదేళ్లలోపు ఉన్నవారిలో ఎక్కువమందికి థైరాయిడ్ చెడింది. అప్పటికి ఏడాది నిండిన పసివాళ్లు ఇద్దరికి గ్రంథి బొత్తిగా పనిచేయక ఎదుగుదల ఆగిపోయింది.

అంత ఆలస్యంగా ఎందుకు తెలిసిందంటే, బయట కొలిచే యంత్రం ఒంటిమీద మొత్తం ఎంత కిరణం పడిందో చెబుతుంది, ఏ మూలకం లోపలికి పోయి ఏ అవయవంలో కూర్చుందో చెప్పదు. ఒళ్లంతటికీ వేసిన లెక్కకు పిల్లల థైరాయిడ్ మీద పడ్డది ఎన్నో రెట్లు ఎక్కువ. అయొడిన్-131తోపాటు దాని పొట్టి ఆయుష్షు తోబుట్టువులు, అంటే 132, 133, 135 అనే అయొడిన్లు కూడా అందులో ఉన్నాయి. పైపెచ్చు పగడపు సున్నం నీళ్లలో, కడుపులో సులువుగా కరుగుతుంది. ఇసుకనేల మీద పేలితే వచ్చే గాజు రేణువులు అంతగా కరగవు.

మేఘం ఒకసారి చెరిగి పోస్తే, ఒళ్లు రెండోసారి చెరుగుతుంది. జిర్కోనియం, సీరియం పేగుల్లోంచి రక్తంలోకి దాదాపు ఎక్కవు, వచ్చినదారినే పోతాయి. అయొడిన్ పూర్తిగా ఎక్కుతుంది, తిన్నగా థైరాయిడ్‌కి పోతుంది. సీజియం పొటాషియంలా నటించి కండరాల్లో సర్దుకుంటుంది. స్ట్రాన్షియం కాల్షియంలా నటించి ఎముకలో చేరుతుంది. ఎంత దురదృష్టమో చూడండి, దూరం పోయే గుణమున్నవే ఒంటికి పట్టే గుణం కూడా ఉన్నవి. ఆ కుర్రవాడడిగిన 'ఈ మూడు పేర్లే ఎందుకు' అన్న ప్రశ్నకు జవాబు ఇది.

రోంగెలాప్ వాళ్లను 1957లో తిరిగి దీవికి చేర్చారు. పగడపునేలలో పొటాషియం కరువు. చెట్లు ఆ లోటులో సీజియాన్ని పీల్చాయి, కొబ్బరికాయల్లోకి వచ్చింది. 1985లో వాళ్లు తమంత తామే ఊరు ఖాళీచేసి గ్రీన్‌పీస్ సంస్థ ఓడలో వేరే దీవికి వెళ్లిపోయారు.

పాలు కాస్తే పోతుందా?

అమెరికా 1951 నుంచి తన నెవాడా ఎడారిలోనే ఆరుబయట బాంబులు పరీక్షించింది. 1953 ఏప్రిల్ చివర ఒక బాంబు పేలిన మర్నాడే, మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో న్యూయార్క్ రాష్ట్రపు ట్రాయ్ పట్నంలో గాలివాన కురిసింది. అక్కడ కాలేజీలో విద్యార్థుల గీగర్ కౌంటర్లు ఉన్నట్టుండి టకటక కొట్టుకున్నాయి. మేఘాన్ని వాన కడిగేసిందన్నమాట. అందుకే ఈ ధూళి దూరంతోపాటు సాఫీగా తగ్గుతూ పోదు. వాన పడ్డచోట పడుతుంది. 1997లో అమెరికా జాతీయ కేన్సర్ సంస్థ జిల్లాలవారీగా అయొడిన్ లెక్క తీస్తే, అన్నిటికంటే ఎక్కువ పడ్డ చోట్లు నెవాడాలో కాదు, దూరాన మోంటానా, ఐడహో రాష్ట్రాల్లో తేలాయి.

అయొడిన్ గడ్డిమీద పడుతుంది. ఆవు రోజంతా మేసి, ఎన్నో చదరపు గజాల గడ్డి మీదున్నదాన్ని ఒక కడుపులో పోగుచేస్తుంది. ఒకటి రెండు రోజుల్లో పాలలోకి వస్తుంది. మేకపాలలో ఇంకా ఎక్కువ. ఇంట్లో ఎక్కువ పాలు తాగేది పిల్లలు, వాళ్ల థైరాయిడ్ బఠాణీగింజంత. పెద్దవాళ్ల గ్రంథిలో పలచగా పరుచుకునేది అక్కడ చిక్కగా పడుతుంది.

పాలు కాస్తే పోతుందా అని ఇల్లాళ్లు అడుగుతారు. పోదు. కాచడం వల్ల చచ్చేవి క్రిములు, మూలకాలు కావు. అయితే అయొడిన్-131కి ఒక మంచిగుణముంది. ఎనిమిది రోజులకోసారి సగమవుతుంది. ఎనభై రోజులు నిలవుంచితే వెయ్యోవంతు మిగులుతుంది. కాబట్టి అలాంటి పరిస్థితి వచ్చినప్పుడు తాజాపాలు ఆపి, ముందే తయారై ఉన్న పాలపొడి పిల్లలకివ్వడం మంచి ఉపాయం. 1986లో చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రం పేలినప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఈ మాట సకాలంలో చెప్పలేదు. పిల్లలు పాలు తాగారు. నాలుగైదేళ్లలో థైరాయిడ్ కేన్సర్లు మొదలయ్యాయి. పక్కనున్న పోలండులో మాత్రం కోటిమందికి పైగా పిల్లలకు వెంటనే అయొడిన్ మందు పట్టించారు. అదీ తేడా. అన్నట్టు చెర్నోబిల్లోనూ వేర్పాటు ఇలాగే జరిగింది. బరువైన ఇంధనపు రేణువులు దగ్గర్లో రాలాయి, అయొడిన్, సీజియం దేశాలు దాటాయి.

స్ట్రాన్షియం సంగతి వేరు. అది సగం కావడానికి దాదాపు 29 ఏళ్లు. దాన్ని పట్టిచ్చినవి పాలపళ్లు. 1958 డిసెంబరులో అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో లూయీజ్ రైస్ అనే డాక్టరమ్మ, మరికొందరు శాస్త్రజ్ఞులు, గృహిణులు కలిసి పిల్లల ఊడిన పళ్లు సేకరించడం మొదలుపెట్టారు. మన పిల్లలు పన్ను ఊడితే ఇంటికప్పు మీదికి విసురుతారు, వాళ్లు కవరులో పెట్టి పోస్టుచేశారు. పాలపన్ను సగం తల్లికడుపులో, సగం పుట్టిన మొదటి ఏడాదిలో తయారవుతుంది. అప్పుడు దొరికిన కాల్షియం ఎలాంటిదో దానిమీద రాసిపెట్టి ఉంటుంది. మూడు లక్షలకు పైగా పళ్లు పోగయ్యాయి. యాభయ్యవ దశకంలో పరీక్షలు పెరిగిన కొద్దీ పళ్లలో స్ట్రాన్షియం పెరుగుతూ వచ్చింది. 1963 ఆగస్టు 5న ఆరుబయట పరీక్షలు ఆపే ఒప్పందం మీద అమెరికా, రష్యా, బ్రిటన్ సంతకాలు చేశాక తరువాత పుట్టిన పిల్లల పళ్లలో తగ్గుతూ పోయింది.

స్ట్రాన్షియం పాలలో ఉంది కనుక పాలే మానేద్దామా? అదీ తప్పే. ఆవు ఒళ్లు కాల్షియాన్ని ముందుగా పాలలోకి పంపి, స్ట్రాన్షియాన్ని చాలావరకు ఆపుతుంది. అంత కాల్షియానికి పాలలో వచ్చే స్ట్రాన్షియం గింజల్లో, ఆకుల్లో వచ్చేదానికంటే తక్కువ. కాల్షియం చాలని ఒళ్లే దొరికినదాన్నల్లా పట్టుకుంటుంది. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడు నీళ్లకు వంగిపోయిన నడుములు చూసినవాళ్లకు ఎముక సంగతి చెప్పనక్కరలేదు. చేరనివ్వకూడనిదాన్ని చేరనిచ్చిందంటే ఎముక దాన్ని ఓ పట్టాన వదలదు.

మన సంగతి

బ్రావో పేలిన నెలకే, 1954 ఏప్రిల్ 2న, నెహ్రూగారు పార్లమెంటులో ఈ పరీక్షలు నిలిపివేయాలని కోరారు. అణుపేలుళ్ల ఫలితాల మీద డి. ఎస్. కొఠారీగారి ఆధ్వర్యంలో మన ప్రభుత్వం 1956లో ఒక పుస్తకం కూడా వేయించింది. మెగాటన్ను బాంబుల ధూళి ఆకాశంలో చాలా ఎత్తున ఏడాదికి పైగా నిలిచి, ఎక్కువభాగం మనకు ఉత్తరాన, యూరప్, అమెరికాల అక్షాంశాల్లో దిగింది. మన వంతు అంతకంటే తక్కువ, కానీ సున్నా కాదు. ఆరుబయట చివరి పరీక్ష 1980 అక్టోబరులో చైనాది. పోఖ్రాన్‌లో 1974లోనూ 1998లోనూ మనం జరిపినవి భూగర్భంలో, వాటికి గొడుగుమేఘం లేదు. 1963 నాటి స్ట్రాన్షియం, సీజియం ఇప్పటికి తమంత తామే నాలుగోవంతుకు తగ్గాయి. ఈనాడు మీ ఇంటి పాలగ్లాసు గురించి ఈ విషయంలో బెంగపడనక్కరలేదు.

బెంగ కొద్దీ జనం చేసే పనులే నన్ను భయపెడతాయి. 2011లో జపానులో ఫుకుషిమా ప్రమాదం జరిగితే చైనాలో జనం దుకాణాలమీద పడి అయొడిన్ ఉప్పు మూటలు కొన్నారు. లెక్క చూద్దాం. గ్రంథిని ముందే నింపడానికి పెద్దవాళ్లకిచ్చే మాత్రలో సుమారు 100 మిల్లీగ్రాముల అయొడిన్ ఉంటుంది. మన ఇళ్లకు చేరే ఉప్పులో గ్రాముకి 15 మైక్రోగ్రాములుండాలని నియమం. అంటే ఆ ఒక్క మాత్రకు సాటి రావాలంటే ఆరున్నర కిలోలకు పైగా ఉప్పు తినాలి! ఇక టింక్చరు అయొడిన్ తాగడం ప్రాణాంతకం. ఆ మాత్రలు కూడా అధికారులు చెప్పినప్పుడే, చెప్పినంతే వేసుకోవాలి. అవి అయొడిన్‌కి తప్ప సీజియానికీ స్ట్రాన్షియానికీ పనిచేయవు.

మరి ఆమె మింగవచ్చునా?

రోంగెలాప్ పసివాడి గ్రంథి ఎదుగుతున్నది. దానిమీద పడ్డ దెబ్బకు కొన్ని కణాలు చావక, చెడి బతికాయి. చెడి బతికిన కణమే ఏళ్ల తరువాత గడ్డవుతుంది. ఆమెది యాభై దాటిన గ్రంథి. అతిగా పనిచేస్తున్నది, దాన్ని తగ్గించడమే మన ఉద్దేశం. కొలిచి ఇచ్చే మోతాదు ఆ కణాలను చంపేస్తుంది. ఆ అయొడిన్ నుంచి వెలువడే బీటా కిరణాలు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పోవు. గ్రంథే దాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది కనుక ఆ గుణమే ఇక్కడ వైద్యం. 1940ల నుంచి లక్షలాదిమంది తీసుకున్నారు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు మాత్రం ఇవ్వరు. తీసుకున్నాక ఆస్పత్రివారు చెప్పినన్ని రోజులు చంటిపిల్లలను ఎత్తుకోకూడదు, పక్కన పడుకోబెట్టుకోకూడదు.

ఆమె అన్నీ విని, "అయితే మనవడు?" అని ఒక్కటే అడిగింది. ఇంట్లో ఏడాదిన్నర పిల్లవాడున్నాడట. కోడల్నీ పిల్లవాణ్నీ కొన్నాళ్లు పుట్టింటికి పంపమన్నాను. అలాగే చేశారు. మందు మింగించుకుని వచ్చింది.

ఆర్నెల్ల తరువాత కనబడింది. దడ లేదు, వణుకు లేదు, ఒళ్లు చేసింది. అనుకున్నట్టే గ్రంథి పని తగ్గింది, ఇక రోజూ థైరాక్సిన్ మాత్ర వేసుకోవాలి. పరగడుపునే వేసుకుంటున్నారా అమ్మా అంటే, "ఆఁ, పొద్దున్నే కాఫీతోపాటు" అంది. మాత్రకీ కాఫీకీ కనీసం అరగంట, వీలైతే గంట ఎడముండాలి, లేకపోతే మందు ఒంటికి పట్టదు. అందుకు మాత్రం కాస్త కోప్పడవలసి వచ్చింది.